సైకిలు మీద ఉపవాసం

కరుణ వదిన ఈమధ్య మా ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఉండి వెళ్ళింది. అమ్మ పోయాక ఆమె తాముండే ఇర్వింగ్ ఊరు దాటి బయటికి రావడం అదే మొదటిసారి. అన్నయ్యని కూడా రమ్మన్నాను గాని, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందన్నాడు. ఎవరు ఎక్కడికి రమ్మన్నా మా అన్నయ్యకి ఆఫీసులో రిలీజ్ ఉంటుంది. వదిన ఒక్కతే వచ్చింది, చిన్న పెట్టెలో తన బట్టలు, పెద్ద పెట్టె నిండా నాకోసం పెట్టిన పచ్చళ్ళు వేసుకుని. ఒక శనివారం పొద్దున, ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం పద అని ఆమెని కార్లో ఎక్కించుకుని తూర్పు వైపు బయల్దేరాను. మేముండే మోరిస్‌విల్‌లో ఆఫీసు భవనాలూ ఇండియన్ స్టోర్లూ దాటి గంట పోతే చాలు, ఇక అంతా సేద్యమే. రోడ్డు పక్కన బల్లలు వేసి చిలగడదుంపలు అమ్ముతారు, అవి కొనుక్కొద్దామని నా ఆలోచన. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా సైకిళ్ళు. ఒకటీ రెండూ కాదు, చూపు ఆనినంత దూరం రంగురంగుల చొక్కాలూ హెల్మెట్లూ వరసగా వస్తున్నాయి. కారు పక్కకి తీసి ఆపాను.

"వీళ్ళల్లో ఎవరన్నా ఉపవాసం ఉండుంటారంటావా గ్రేసూ?" అంది వదిన, అద్దం దించి వాళ్ళని చూస్తూ. అని నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళలో ఆ ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఇంట్లో ఎత్తకూడని విషయాలు చాలా ఉన్నాయి, అందులో ఇది ముందు వరసలోది. అమ్మ బతికుండగా అయితే ఇది రాసేదాన్ని కాదు. అమ్మంటే నాకు ప్రాణం. ఆవిడ మీద కోపం కూడా అంతే ఉంది, అది ఇంకా తగ్గలేదు.

ఆ సంగతి జరిగేనాటికి నేను అమెరికా వచ్చి ఎంతోకాలం కాలేదు. ఒక రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ప్రభాకర్ అన్నయ్య, వదిన, నేను కలిసి ఉండేవాళ్ళం. పాలకొల్లు నుంచి అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి నా గదిలో దిగింది. అమ్మ మిషన్ బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరయిన మనిషి. తెల్లారకముందే లేచి, ఎవరికీ నిద్రాభంగం కాకూడదని గొంతు తగ్గించి ప్రార్థన చేసుకునేది. ఆ తగ్గించిన గొంతుకి పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు కూడా లేచేవారు. తర్వాత అల్లం టీ, తర్వాత ఒక కీర్తన, తర్వాత వంట. ఎండు నెత్తళ్ళు వేపిందంటే స్మోక్ అలారం మోగి తీరాల్సిందే. అమ్మ దాని వంక చూసి, "ఉండవే బాబూ, అయిపోవచ్చింది" అని దానికి సర్దిచెప్పేది. వదిన కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరితే అది నోరు మూసేది. మా పొద్దులు అలా గడిచేవి. ఇల్లంతా అల్లం, నెత్తళ్ళు, వదిన పోపులో వేసే వెల్లుల్లి వాసన. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి ఏమనుకునేదో గాని నా స్వెట్టర్ కూడా అదే వాసన వేసేది.

ఉపవాసం రోజున మాత్రం ఇంటి వాసనే మారిపోయేది. ఉపవాసం ఉన్నవాళ్ళు ముఖం వేలాడేసుకుని నలుగురికీ తెలిసేలా తిరగకూడదని బైబిల్ వాక్యంలో ఉంది గదా. అమ్మ దాన్ని అక్షరాలా పాటించేది, మా చేత పాటింపజేసేది. ఆ రోజు పొద్దున్నే తలకి కొబ్బరినూనె దట్టంగా రాసుకోవాలి, ముఖం కడుక్కుని పౌడరు వేసుకోవాలి, మంచి బట్టలు కట్టుకోవాలి. మూలిగితే ఊరుకునేది కాదు. నీరసంగా ఉందన్న మాట నోట రాకూడదు. చిన్నప్పుడు పాలకొల్లులో మా వీధిలో అందరికీ తెలుసు, టీచరమ్మ గారి పిల్లలు నూనె కారుతూ పౌడరు మెరుస్తూ నవ్వుతూ కనపడ్డారంటే ఇంట్లో పొయ్యి వెలగలేదని. ఎవరికీ తెలియకూడదని చేసిన ఏర్పాటు వల్లే వీధందరికీ తెలిసిపోయేది. ఈ మాట అమ్మతో ఒకసారి అంటే మొట్టికాయ వేసింది.

అన్నయ్య ఉద్యోగం పోయింది ఆ వేసవిలోనే. ప్రాజెక్ట్ అయిపోయింది, టీమ్ మొత్తాన్ని తీసేశారు. వీసా వాళ్ళకి ఉద్యోగం పోవడమంటే జీతం పోవడం ఒక్కటే కాదు, కాలికింద నేల కూడా పోవడం. గడువులోగా ఇంకో కంపెనీ తీసుకోకపోతే పెట్టె సర్దుకోవాలి. వదిన హెచ్‌ఫోర్ మీద ఉంది, అప్పట్లో ఆ వీసా మీద వచ్చిన భార్యలకి పని చేసే హక్కు లేదు. ఎంసీఏ చదివిన మనిషి, ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చునేది. అన్నయ్య పగలంతా లాప్‌టాప్ ముందు, సాయంత్రాలు బాల్కనీలో. మాటలు తగ్గిపోయాయి. చర్చిలో ఆదివారం అతని పేరు చెప్పి ప్రార్థన చేస్తుంటే తల వంచుకుని చెప్పుల వంక చూసుకునేవాడు. అప్పుడు అమ్మ చెప్పింది, ఉద్యోగం వచ్చేదాకా ప్రతి శనివారం ఇంటిల్లిపాదీ ఉపవాసం అని. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకేదాకా ఉత్త మంచినీళ్ళు తప్ప ఏమీ నోట్లోకి వెళ్ళకూడదు. ఉప్పు గాని పంచదార గాని తగలకూడదు. సాయంత్రం అందరం మోకరించి ప్రార్థన చేశాక వేడన్నం, పప్పుచారు, ఆమ్లెట్టు. ఆ అన్నం రుచి మళ్ళీ నేను ఎక్కడా ఎరగను.

వదిన సంగతి చెప్పాలి. ఆమెది జంగారెడ్డిగూడెం దగ్గర మెట్ట ఊరు. వాళ్ళ నాన్న వర్జీనియా పొగాకు పండించేవాడు. ఆ పొగాకు చేల మధ్య నుంచి, ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్ కొట్టాల పక్క నుంచి కాలేజీకి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిన మనిషి. ఇక్కడ కారు నడపడం నేర్పడానికి అన్నయ్యకి తీరిక లేదు, తీరిక వచ్చాక ఓపిక లేదు. చర్చిలో ఎవరో వెళ్ళిపోతూ ఒక పాత సైకిలు ఇచ్చేసి పోతే, దాన్ని తుడిచి, నూనె వేసి వాడుకోవడం మొదలుపెట్టింది. మొదట లైబ్రరీకి, తర్వాత ఇండియన్ స్టోర్‌కి. ఆ తర్వాత ఏ పనీ లేకుండానే, చెట్ల మధ్య వేసిన కాలిబాటల మీద గంటలు గంటలు. తిరిగొచ్చేసరికి ముఖం ఎర్రగా కంది, కళ్ళు వెలుగుతూ ఉండేవి. ఆ ఇంట్లో ఆమెకి సొంతమంటూ ఉన్నది ఆ కాసేపే. అమ్మ ఏమీ అనేది కాదు. "అమ్మాయి బాగా తొక్కుద్ది" అనేది, వచ్చినవాళ్ళతో. అందులో మెచ్చుకోలు ఎంతో, ఇంకేదో ఎంతో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు.

మా ఆఫీసు వాళ్ళు ఏటా ఒక సైకిల్ రైడ్‌కి టీమ్‌ని పంపేవారు. పందెం కాదు, సరదాకి. పొద్దున బయల్దేరి, పొలాల మీదుగా పల్లెలు దాటుకుంటూ సాయంత్రానికి మళ్ళీ మొదలెట్టిన చోటికి చేరాలి. చిన్న రూటు, పెద్ద రూటు అని రెండు. ఇంట్లో వాళ్ళని కూడా తీసుకురావచ్చంటే నేను వదిన పేరు ఇచ్చాను. ఆమె పెద్ద రూటు రాయమంది, అంటే వంద మైళ్ళు. నేనూ పరువు కోసం పెద్దదే రాశాను. వేసవి అంతా ఇద్దరం సాధన చేశాం. అంత సంతోషంగా నేను వదినని చూడలేదు. సెప్టెంబరులో రైడ్ దగ్గర పడ్డాక రెండు సంగతులు ఒకేసారి వచ్చిపడ్డాయి. రైడ్ శనివారం. ఆ పై సోమవారం అన్నయ్యకి ఫైనల్ రౌండ్ ఇంటర్వ్యూ. ఇన్నాళ్ళలో ఫైనల్ దాకా వెళ్ళింది అదొక్కటే. గడువు దగ్గరికొచ్చేస్తోంది. ఇది పోతే ఇంకోటి చూసుకునే వ్యవధి పెద్దగా లేదు.

శుక్రవారం సాయంత్రం అమ్మ కూర గిన్నె దించుతూ నాతో అంది, "రేపు నువ్వు తినేసి వెళ్ళవే. అంతదూరం తొక్కుతూ రోడ్డు మీద పడతావు. దేవుడు అర్థం చేసుకుంటాడులే." 

"మరి అన్నయ్య ఇంటర్వ్యూ?" అన్నాను.

"మేం ఉంటాం గదా."

వదిన అక్కడే సింక్ దగ్గర గిన్నెలు తోముతోంది. అమ్మ ఆమెతో ఏమీ అనలేదు. తినమనీ అనలేదు, మానమనీ అనలేదు. వదిన కూడా అడగలేదు. ఆ "మేం"లో ఆమె ఉందో లేదో తేల్చకుండానే అమ్మ గిన్నె తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. నేను ఆ క్షణంలో దాన్ని గమనించనైనా లేదు. కూతురికి అడక్కుండా దొరికే మినహాయింపు కోడలు నోరు తెరిచి అడిగినా దొరుకుతుందో లేదో అన్న సంగతి కూతుళ్ళ బుర్రకి తట్టదు. నాకు ఆ మర్నాడు తట్టింది.

తెల్లవారుజామున నేను వంటింట్లో బ్రెడ్డూ గుడ్డూ తింటుంటే, నేను ముందే తినేశాను పద అంది వదిన. నమ్మాను. బయల్దేరే చోట మైదానం నిండా జనం, డెబ్భై ఏళ్ళ ముసలివాళ్ళ దగ్గర్నుంచి అందరూ ఉన్నారు. మొదటి గంటలు నిజంగా ఎంతో బాగున్నాయి. మంచు విడుతున్న సోయాచిక్కుడు చేలు, ఆకు దాదాపు కోసేసిన పొగాకు మళ్ళు, అక్కడక్కడా విచ్చుకుంటున్న పత్తి. ఒకచోట ఆకు ఆరబెడుతున్న వాసన గుప్పున కొట్టింది. వదిన పెడల్ ఆపేసి గుండెల నిండా పీల్చి, "మా నాన్న చొక్కా వాసన" అంది. తర్వాత నన్ను దాటి దూసుకుపోయింది. ఆమె వీపు వంక చూస్తూ తొక్కడమే నా పనయింది.

దారి పొడవునా రెస్ట్ స్టాప్‌లు. చర్చి ముందో, ఫైర్ స్టేషన్ ముందో గుడారం వేసి, ఊళ్ళో ఆడవాళ్ళు బల్లల నిండా తిండి పెట్టుకుని నిలబడతారు. అరటిపళ్ళు, వేరుశనగ ముద్ద రాసిన బ్రెడ్డు, ఉప్పులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, ఊరబెట్టిన దోసకాయ ముక్కలు, ఇంట్లో చేసిన కేకులు. వదిన అన్నిటి దగ్గరా ప్లేటు నింపుకునేది. నవ్వుతూ కబుర్లు చెబుతూ దాన్ని పట్టుకుని తిరిగేది. కాసేపయ్యాక చూస్తే ఆ ప్లేటు ఇంకెవరి చేతిలోనో ఉండేది. సీసా నిండా మళ్ళీ మళ్ళీ నీళ్ళు పట్టుకునేది. నీళ్ళలో కలుపుకునే నిమ్మ, ఉప్పు పొడి ఇస్తే, వద్దు ఉత్తవే బాగుంటాయంది. నేను నా తిండి గొడవలో ఉండి పట్టించుకోలేదు. మధ్యాహ్నం ఎండ చుర్రుమంటున్న వేళ ఒక స్టాప్‌లో ఆమె హెల్మెట్ తీసింది. నుదుటి మీద నుంచి చెమటతో పాటు జిడ్డుగా ఏదో కారి కళ్ళల్లో పడుతోంది, తుడుచుకుంటోంది. దగ్గరికెళ్ళాను. కొబ్బరినూనె. మెడ మీద పౌడరు తెల్లగా చారలు కట్టి ఉంది.

"వదినా, నువ్వు ఉపవాసమా?"

"అరవకు."

"పిచ్చెక్కిందా నీకు? ఇంత ఎండలో?"

"నాకేం కాలేదు, బానే ఉన్నా. మా ఊళ్ళో ఎండ చూశావా నువ్వు?" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని మనిషి నవ్వుతోంది. నీరసమన్న మాట నోట రాకూడదు గదా. బతిమాలాను, తిట్టాను. ఆఖరికి ఆమె నా చెయ్యి పట్టుకుని ఒక పక్కకి తీసుకెళ్ళింది. "సోమవారం మీ అన్నయ్య ఇంటర్వ్యూ. అది పోయిందనుకో, నువ్వు తిన్నావని ఎవరూ గుర్తుపెట్టుకోరు. నేను తిన్నానని అందరూ గుర్తుపెట్టుకుంటారు. నోటితో అనరు. అయినా గుర్తుంటది. ఇంకెంత, కాసేపు. సాయంత్రం ఇంటికెళ్ళి అందరితో పాటే తింటా." ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనలేకపోయాను.

అక్కడ్నుంచి నేను ఆమె పక్కనే తొక్కాను. మొదట బానే ఉంది. తర్వాత మాటలు తడబడటం మొదలైంది. అడిగినదానికి ఒకటి చెప్పబోయి ఇంకోటి చెబుతోంది. ఒకసారి నన్ను తన చెల్లెలి పేరు పెట్టి పిలిచింది. చిలగడదుంపల చేను పక్కన రోడ్డు నేరుగా, చదునుగా ఉంది. రాయి లేదు, గుంట లేదు. ఆమె సైకిలు మెల్లిగా అంచు వైపు జరుగుతూ జరుగుతూ వెళ్ళి గడ్డి కాలవలోకి ఒరిగిపోయింది. కేక కూడా వేయలేదు. నేను దిగి పరిగెత్తేసరికి వెల్లకిలా పడి ఆకాశం వంక చూస్తోంది, పెదాలు తెల్లగా పాలిపోయాయి. వెనక వస్తున్నవాళ్ళు ఆగి ఎవరికో ఫోన్ చేశారు. కాసేపటికి ఒక పికప్ ట్రక్ వచ్చింది. అలసిపోయినవాళ్ళని ఎక్కించుకునే ఏర్పాటది. నడిపే ఆవిడ తెల్లజుట్టు మనిషి, వచ్చీరాగానే వదిన నాడి చూసి, కళ్ళు చూసి, "పొద్దున్నుంచి ఏం తిన్నది?" అని అడిగింది. ఏమీ లేదని చెప్పాను. ఆవిడ ట్రక్‌లోంచి ఉప్పు బిస్కెట్ల పొట్లం తెచ్చి వదిన చేతిలో పెట్టి, నీళ్ళ సీసా లాక్కుంది. "ఒంట్లో ఉప్పంతా పోయింది హనీ, ఇంకా నీళ్ళు తాగితే మరీ ప్రమాదం. ముందు ఇవి తిను. లేదంటే అంబులెన్స్ పిలుస్తాను" అంది.

వదిన తల అడ్డంగా ఊపింది. పొట్లం పక్కన పెట్టేసింది. అప్పుడు నేను ఫోన్ తీసి ఇంటికి చేశాను. స్పీకర్‌లో పెట్టాను. అమ్మ ఎత్తింది. 

"అమ్మా, వదిన పడిపోయింది. ఉపవాసం ఉండి తొక్కింది. తినకపోతే హాస్పిటల్ అంటున్నారు. తినమని చెప్పు."

"ఎక్కడున్నారు? దెబ్బలేమన్నా తగిలినియ్యా?" అంది అమ్మ. 

"మోచెయ్యి గీసుకుపోయిందంతే. తినమని ఒక్క మాట చెప్పమ్మా."

"నేనేమన్నా తినొద్దన్నానా? నేనెప్పుడన్నానూ? తనిష్టం" అంది అమ్మ. మళ్ళీ, "తనిష్టమమ్మా" అంది. వెనకాల అన్నయ్య దగ్గు వినపడింది. అతను అక్కడే ఉన్నాడు. ఫోన్ తీసుకోలేదు.

నేను ఏదో అరవబోయాను. వదిన చెయ్యి చాపి ఫోన్ ఆపేసింది. పొట్లం చింపింది. ఆమె అన్నం ముందు గాని, మంచినీళ్ళ ముందు గాని కళ్ళు మూసుకోకుండా నోట్లో ఏదీ పెట్టుకోవడం నేను ఎరగను. ఆ రోజు కళ్ళు తెరిచి, చేను వంక చూస్తూ, ఒకదాని తర్వాత ఒకటి నమిలింది. పొట్లం ఖాళీ అయ్యేదాకా తింది. తెల్లజుట్టావిడ వీపు నిమురుతూ, "అదీ, అలా" అంటోంది. ట్రక్ వెనక సైకిళ్ళు ఎక్కించి మమ్మల్ని ముందు కూర్చోబెట్టుకుంది. దారిలో వదిన తెలుగులో నాతో ఒక్కటే అంది. "తినమని అత్తయ్య ఒక్కసారి అనుంటే, ఇంకాసేపు తినకుండా ఉండగలిగేదాన్ని గ్రేసూ." అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అన్నం వండి ఉంది. అమ్మ వదిన మోచేతికి పసుపు అద్ది, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఎంతో ప్రేమగానే చేసింది, అందులో నటన లేదు. తర్వాత అందరం మోకరించాం. అమ్మ ప్రార్థనలో కోడలు పడిన కష్టం చూడమనీ, ఆమె ఉపవాసాన్ని అంగీకరించమనీ దేవుణ్ణి అడిగింది. ఆమేన్ అన్నాక వదిన లేవకుండానే చెప్పింది, "నేను మధ్యాహ్నమే తిన్నానత్తయ్యా." దాచుకుని ఉంటే సరిపోయేది. ఎవరూ అడగలేదు. కానీ ఆమె దేవుడి ముందర అబద్ధం పెట్టుకుని అన్నం తినలేని మనిషి. అమ్మ, "సర్లే అమ్మా, లే" అంది. నేను అన్నయ్య వంక చూశాను. అతను ఏదైనా అంటాడని, కనీసం ఆమె భుజం మీద చెయ్యి వేస్తాడని. అతను కంచం దగ్గరికి లాక్కుని పప్పుచారు పోసుకున్నాడు.

సోమవారం ఇంటర్వ్యూ బాగా జరిగిందన్నాడు. వారం తిరక్కుండానే వేరే వాళ్ళని తీసుకున్నామని మెయిల్ వచ్చింది. వదిన చెప్పినట్టే ఎవరూ నోటితో అనలేదు. ఆ తర్వాతి శనివారం పొద్దున అమ్మ ఉప్మా చేసి ఒక ప్లేటులో వేసి వదిన ముందు పెట్టింది. "నువ్వు తినేయమ్మా. నీకు ఉపవాసాలు పడవులే, నీరసం మనిషివి" అంది. గొంతులో ఎక్కడా కారం లేదు. మేం ముగ్గురం నూనె రాసుకుని కూర్చున్నాం, వదిన ఒక్కతే బల్ల దగ్గర ఉప్మా తింది. ప్రతి శనివారం అంతే. సాయంత్రం మోకరించే వేళకి ఆమెని వంటింట్లో ఏదో ఒక పని మీద ఉంచేవారు. ఏ మినహాయింపు దొరక్క ఆమె పడిపోయే దాకా తొక్కిందో అదే ఆమెకి జీవితమంతా శిక్షగా దొరికింది. గడువు దాటుతుందనగా అన్నయ్యకి ఇర్వింగ్‌లో చిన్న కాంట్రాక్ట్ దొరికి వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు వదిన ఆ సైకిలు చర్చిలో కొత్తగా వచ్చిన ఒకమ్మాయికి ఇచ్చేసింది. ఇర్వింగ్‌లో హైవేలు తప్ప సైకిలు తొక్కే దారులు లేవంది. ఉన్నా తొక్కేది కాదని నాకు తెలుసు.

ఇప్పుడు మా చర్చిలో పిల్లల్ని చూస్తుంటాను. నీరసంగా ఉంది ఆంటీ, ఈ వీక్ నేను ఫాస్టింగ్ చేయను అని పెద్దవాళ్ళ ముఖాన చెప్పేస్తారు. ఆడపిల్లలు, కోడళ్ళు కూడా. మొదట్లో నాకే కొంచెం చురుక్కుమనేది, ఇదేం భక్తి అని. ఇప్పుడు అనిపించదు. మా కాలంలో భక్తి ఎక్కువే, కాదనను. ఆ పప్పుచారు అన్నం ముందు మోకరించినప్పుడు నిజంగా దేవుడు ఇంట్లో ఉన్నట్టుండేది. కానీ దేవుడికీ మనిషికీ మధ్య అత్తగారి మాట ఒకటి అడ్డు ఉండేది. ఆ మాట దాటి పోవడానికి వదినలాంటి వాళ్ళకి దారి ఉండేది కాదు. నేను కూతుర్ని కాబట్టి నాకు ఉండేది. దీన్ని ఎన్నిసార్లు తూచుకున్నా త్రాసు ఒకవైపు నిలవదు.

సైకిళ్ళన్నీ వెళ్ళిపోయాక కూడా మేం కారు తీయలేదు. వదిన అమ్మ ఆఖరి రోజుల సంగతి చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ చివరికి ఇర్వింగ్‌లో వాళ్ళింట్లోనే మంచం పట్టింది. స్నానం, మందులు, జావ, అన్నీ వదినే. నేను వెళ్ళి వస్తూ ఉండేదాన్ని. చర్చి వాళ్ళు అమ్మ కోసం వంతులు వేసుకుని ఉపవాసం ఉన్నారు. అన్నయ్య ఉన్నాడు, ఇక్కడ్నుంచి నేనూ ఉన్నాను. వదినని మామూలుగానే ఎవరూ అడగలేదు.

"ఒకరోజు మీ అన్నయ్య చర్చికి వెళ్ళాడు" అంది వదిన. "జావ తాగించి మూతి తుడుస్తున్నా. చెయ్యి పట్టుకుంది. ప్రార్థన చెయ్యవే కరుణా అంది. నన్ను. ఇన్నేళ్ళల్లో ఎప్పుడన్నా అడిగిందా నన్ను? నేను ఇడ్లీ తినేసి ఉన్నానత్తయ్యా అన్నాను. తింటే తిన్నావులే, చెయ్యి అంది."

"మరి చేశావా?" అన్నాను.

"కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపు చూసినా ఒక్క మాట రాలేదు గ్రేసూ. ఆవిడ మీద కోపం లేదు, ప్రేమా లేదు, లోపల ఏమీ లేదు. ఆవిడ ఎదురుచూస్తా ఉంది, చెయ్యి వదల్లేదు. ఇక చేసేది లేక ఉత్తినే ఆమేన్ అన్నాను. అంతా విన్నట్టు ఆవిడ కూడా ఆమేన్ అంది."